ఒక్కసారి ఇటు తిప్పండి బాబాయ్

ఫిబ్రవరి 17, మంగళవారం

బ్యాంకు వాళ్ళిచ్చిన డైరీ. మొదటి పేజీలో పేరు, బ్లడ్ గ్రూపు రాసి జనవరిలోనే అటకెక్కించాను. ఈరోజు దించాను. ఇది దత్తుతో చెప్పుకునేది కాదు. కాలేజీలో లెక్కలు చెప్పే మొగుడికి ప్రతిదానికీ ఒకటే జవాబు ఉంటుంది. తప్పుంటే కొట్టేసి పక్కన సరైనది రాయి, అంటాడు. మా న్యూస్ చానల్ డెస్కులో కొట్టేసి రాయడానికి పక్కన ఖాళీ ఉండదు.

నిన్న సాయంత్రం ఏడు గంటల డిబేట్. "సరిహద్దు దాటిన తుపాకీ మన గడప తొక్కిందా?" టైటిల్ నాదే. ఎక్కడో ఉత్తరాదిన సరిహద్దు దగ్గర ఉల్లిపాయల లారీలో తుపాకులు దొరికాయి. అందులో ఒక బిల్లు మీద బెజవాడ పేరు ఉందట. ఉందో లేదో ఎవడు చూడొచ్చాడు. ఏజెన్సీ వార్తలో చివర ఒక్క ముక్క. ఆ ఒక్క ముక్క చాలు మా అవుట్‌పుట్ హెడ్ లక్ష్మీకాంత్‌కి, గంటన్నర లాగుతాడు.

ఆరూ నలభైకి నా సీటు దగ్గరికొచ్చి, "శాంభవి గారూ, విండోలో తుపాకులు తిరగాలండీ. ఉట్టి మొహాలు చూపిస్తే ఎవడు కూర్చుంటాడు చెప్పండి" అన్నాడు. లారీ విజువల్స్ రాలేదు. మా పాత వీడియోల లైబ్రరీలో వెతికి ఏదో ఒకటి లాగారు. ప్యానెల్లో వాళ్ళు అరుచుకుంటున్నంత సేపూ పక్క విండోలో అదే తిరిగింది.

అది బసవయ్య గారి విజువల్.

మైలవరం అవతల మామిడితోట ఆయనది. కోతుల్ని తోలడానికి ప్లాస్టిక్ గొట్టంతో తుపాకీ లాంటిది చేస్తాడు. లోపల రెండు కార్బైడ్ పలుకులు, నాలుగు చుక్కల నీళ్ళు, వెనకాల గ్యాస్ పొయ్యి లైటర్. ఢామ్మని మోగుతుంది, అంతే. గుండు లేదు, పాడు లేదు. పోయిన మేలో మా ఆదివారం రైతుల కార్యక్రమానికి నేనే వెళ్ళి తీయించాను. అందులో ఒకచోట ఆయన గొట్టం భుజానికి ఆనించి, సూటిగా కెమెరా వైపు పెట్టి నవ్వుతాడు. మూడు సెకన్ల షాట్.

పాత విజువల్ వేస్తే మూలన 'ఫైల్' అని పడాలి. ఆ మూలన నగల కొట్టు లోగో ఉంది. స్పాన్సర్ లోగో కదపకూడదు. కాబట్టి 'ఫైల్' పడలేదు.

ప్యానెల్లో రిటైర్డ్ పోలీసాఫీసర్ శ్రీరామచంద్రమూర్తి గారు. ఆయన తెర వైపు వేలు చూపించి, "ఆ గొట్టం చూడండి. ఇది మన దేశపు తయారీ కాదు. నా సర్వీసులో ఇలాంటివి ఎన్నో పట్టుకున్నాను" అన్నారు. ఓరి నాయనో, అది మా వాష్ బేసిన్ కింద ఉండే గొట్టమండీ మహానుభావా! కంట్రోల్ రూములో నాకు నవ్వాగలేదు. అందరితో పాటు నేనూ నవ్వాను. అదొకటి కూడా రాసి పెట్టుకోవాలి.

ఫిబ్రవరి 18

ఎవరూ ఫోన్ చేయలేదు. మైలవరం వైపు మా చానల్ చూసేవాళ్ళెవరు? అనవసరంగా బుర్ర పాడుచేసుకున్నాను.

ఫిబ్రవరి 19

చూశారు.

మా పటమట అపార్ట్‌మెంట్ గ్రూపులోకే వచ్చింది. బసవయ్య గారి మొహం, చేతిలో గొట్టం, కింద మా చానల్ పట్టీ. దాని పైన ఎవరో రాశారు: "మన జిల్లాలోనే తుపాకుల ముఠా. పిల్లలు జాగ్రత్త. పది మందికి పంపండి." రెండో అంతస్తు రమాసుందరి గారు లిఫ్టులో పట్టుకుని, "ఏమ్మా, మీ టీవీలోదేనటగా? వాడి నవ్వు చూస్తేనే ఒళ్ళు జలదరించిందమ్మా" అన్నారు. నేను మూడో అంతస్తు నొక్కి నంబర్ల వైపు చూస్తూ నిలబడ్డాను.

ఆ నవ్వుకి ఒళ్ళు జలదరించడమేమిటి. ఆ రోజు ఆయన మా కెమెరామన్‌కీ నాకూ చెరో గంప కాయలు కట్టించి, "డబ్బుల మాటెత్తితే తోటలోంచి పోనీను" అని నవ్విన మనిషి.

ఫిబ్రవరి 21, శనివారం

పొద్దున్న ఎనిమిదింటికి ఫోన్.

"మేడం, నేను సింధూరినండీ. బసవయ్య గారి అమ్మాయిని. పోయినేడు మీరు మా తోటకొచ్చారు కదా."

గుర్తొచ్చింది. మేము షూటింగ్ చేస్తుంటే గట్టు మీద పరుగు ప్రాక్టీసు చేస్తున్న పిల్ల. ఆయాసపడుతూ వచ్చి కెమెరా వెనక నిలబడి చూసింది.

"నాన్నని స్టేషన్‌కి తీసుకెళ్ళారు మేడం. గొట్టాలు పదకొండూ పట్టుకెళ్ళారు. అన్నీ మావి కూడా కాదు, చుట్టుపక్కల తోటలోళ్ళు రిపేరుకిచ్చినవి. అడిగితే, మీ టీవీలో వచ్చిందిగా అంటున్నారు. నాకు కానిస్టేబుల్ వచ్చింది మేడం. ఏప్రిల్ ఆరున ట్రైనింగుకి రిపోర్టు చేయాలి. ఇంటి మీద వెరిఫికేషన్ ఇంకా అవలేదు. ఈలోపు ఇట్టా అయితే నన్ను పక్కన పెట్టేస్తారంట. అది కోతులకని మీరు ఒక్క ముక్క చెప్తే చాలు మేడం."

"కంగారు పడకమ్మా. నేను చూసుకుంటాను" అన్నాను.

ఎంత తేలిగ్గా వచ్చేసిందో నోటికి.

ఫిబ్రవరి 22

పోలీసుల ప్రెస్ మీట్ విజువల్స్ వచ్చాయి. బల్ల మీద నీలం గుడ్డ. దాని మీద పదకొండు గొట్టాలు వరసగా, ఒక్కోదానికీ నంబరు చీటీ. వెనకాల తలమీద తువ్వాలు కప్పి ఒక మనిషి. తువ్వాలు కప్పినా తెలిసింది. ఎడమ చేతి చూపుడువేలు సగమే ఉంటుంది ఆయనకి, చిన్నప్పుడు చెరుకు మరలో పోయిందని చెప్పాడు.

లక్ష్మీకాంత్ మొహం వెలిగిపోయింది. "మన డిబేట్ ఎఫెక్ట్ అండీ! తెర కింద ప్లేటు వేయించండి, పెద్ద అక్షరాలతో."

"అవి కోతుల్ని తోలే గొట్టాలండీ. నాకు తెలుసు ఆయన."

"పోలీసులే బల్ల మీద పెట్టాక ఇంక మనదేముందండీ? వాళ్ళు పెట్టారు, మనం చూపిస్తున్నాం."

మనం చూపించామని వాళ్ళు పట్టుకున్నారు. వాళ్ళు పట్టుకున్నారని మనం చూపిస్తున్నాం. ఈ గానుగలో ఎద్దు ఎవరో నాకు తెలుసు. చెప్పలేదు. కూర్చుని టైప్ చేశాను: "మా కథనానికి స్పందన. మైలవరం పరిసరాల్లో ఆయుధాల గుట్టు రట్టు." 'గుట్టు రట్టు' అని ఎవరూ అడగలేదు. పద్నాలుగేళ్ళ అలవాటు, చేతికి దానంతటదే వచ్చేసింది.

ఫిబ్రవరి 24

వదిలేశారు. కానీ వదల్లేదు. రోజు విడిచి రోజు స్టేషన్‌కొచ్చి సంతకం పెట్టాలి. సింధూరి చెప్పింది, ఇన్‌స్పెక్టర్ మరీ చెడ్డవాడేం కాదట. "అది పాత రైతుల కార్యక్రమంలోదని చానల్ వాళ్ళు రాసిచ్చి, అసలు వీడియో ఇస్తే ఇక్కడితో మూసేస్తాను. నాకు మాత్రం సరదానా" అన్నాడట.

లక్ష్మీకాంత్ గదిలోకి వెళ్ళాను. ఆయన టీ తాగుతున్నాడు. నాకూ తెప్పించాడు. అన్నీ విన్నాడు.

"రాసిస్తే తప్పు ఒప్పుకున్నట్టేగా శాంభవి గారూ. రేపు ఇంకొకడొస్తాడు, ఎల్లుండి ఇంకొకడు. అయినా రాసివ్వాలంటే పైవాళ్ళు ముందేం అడుగుతారు? ఆ విజువల్ ఎవరు లాగారు, అని. ఎవరి పేరు చెప్పమంటారు?"

నేను టీ గ్లాసు వైపు చూశాను.

"పాపం, మంచి రైతే అయ్యుంటాడు. వేడి చల్లారాక ఒక మంచి పాజిటివ్ స్టోరీ చేద్దాం లెండి ఆయన మీద" అన్నాడు. మనిషి నిజంగానే జాలిపడ్డాడు. అదే నాకు భయమేసింది.

మార్చి 1, ఆదివారం

వెనక్కి తిప్పి చదివాను. పదిహేడో తారీఖు పేజీలో "ఏదో ఒకటి లాగారు" అని రాశాను. లాగారట! ఎవరమ్మా లాగింది? ఎవరూ చూడని డైరీలో కూడా సిగ్గు లేకుండా డెస్కు భాష.

నేనే లాగాను. లైబ్రరీలో 'తుపాకీ' అని కొట్టింది నేనే. పద్నాలుగు క్లిప్పులొచ్చాయి. జెండా పండగ కవాతు, ఎన్‌సీసీ పిల్లలు, పెళ్ళిలో ఎవడో గాల్లోకి కాల్చింది. వాటిలో ఏదీ మనవైపు చూడదు. బసవయ్య గారు ఒక్కరే సూటిగా చూస్తారు. అందుకని అది తీసుకున్నాను. ఆయన ఎవరో తెలిసే తీసుకున్నాను. మూడు సెకన్లేగా, ఎవరు గుర్తుపడతారు అనుకున్నాను. 'ఫైల్' పడటం లేదని కూడా చూశాను. పోనీలే అనుకున్నాను.

ఇప్పుడు రాసేశాను. ఒళ్ళు తేలికవుతుందనుకున్నాను. ఏం కాలేదు.

మార్చి 3

సింధూరి రెండుసార్లు చేసింది. మీటింగులో ఉండి ఎత్తలేదు.

మీటింగు లేదు.

మార్చి 8

ఆదివారం డెస్కులో జనం ఉండరు. లైబ్రరీలో ఆ రోజు కోయకుండా దాచిన రా ఫుటేజ్ ఉందేమో చూశాను. ఉంది. నలభై నిమిషాలు, మాటలతో సహా. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూశాను.

ఇరవై రెండో నిమిషం దగ్గర నా గొంతు. "బాబాయ్, ఒక్కసారి ఇటు తిప్పండి, కెమెరా వైపు."

"ఇటా? వద్దు తల్లీ. ఉత్తదైనా మనిషి వైపు తిప్పకూడదు. మా నాయన పందులకి నాటుబాంబులు కట్టే రోజుల్నించీ అదే మాట. ఏది పట్టుకున్నా మూతి ఆకాశానికే ఉండాల."

"అబ్బ, ఒక్క సెకనండీ. టీవీలో చాలా బాగా వస్తుంది. మీకు నచ్చకపోతే వేయంలెండి."

"అట్టాగంటావా?"

అప్పుడు ఆయన ఏం చేశాడంటే, ముందు వెనకాల లైటర్ ఊడదీశాడు. గట్టు మీద పెట్టాడు. గొట్టం తలకిందులుగా పట్టుకుని దులిపాడు, ఏం లేదని. ఖాళీ అరచెయ్యి కెమెరాకి చూపించాడు. అయినా భుజానికి ఆనించడానికి చెయ్యి రాలేదు. నేనే ఫ్రేములోకి వచ్చాను. మెడలో ఐడీ కార్డు ఊగుతూ, నా చేత్తోనే ఆ గొట్టం మూతి పట్టుకుని కెమెరా వైపు తిప్పాను. "అదీ! ఇప్పుడు నవ్వండి." ఆయన సిగ్గుపడి నవ్వాడు.

ఒళ్ళు జలదరించే నవ్వు అదే.

ఆ నలభై నిమిషాలు ఇన్‌స్పెక్టర్ చేతిలో పెడితే చాలు. రెండు నిమిషాల్లో అయిపోతుంది. బసవయ్య గారు బయటపడతారు, ఆ పిల్ల ట్రైనింగుకి పోతుంది. లక్ష్మీకాంత్ ఎవరి పేరు చెప్పమంటారని అడగక్కర్లేదు, ఐడీ కార్డు మీదే ఉంది పేరు.

మార్చి 12, గురువారం

కాపీ చేశాను. మొత్తం నలభై నిమిషాలు వాళ్ళకెందుకు, అసలు ముక్క చాలు. తోట కనిపిస్తుంది, కాయలు కనిపిస్తాయి, కోతుల్ని తోలడం కనిపిస్తుంది, ఆ తర్వాత ఆ షాట్. నా చెయ్యి పడ్డచోట కోశాను, అనవసరంగా గందరగోళం కాబట్టి. లైటర్ ఊడదీసింది కూడా ఆ ముక్కలోనే పోయింది, ఏం చేస్తాం. ఆడియోలో గాలి చప్పుడు ఎక్కువుంది. మ్యూట్ చేశాను. విజువల్ చూస్తేనే అర్థమైపోతుంది, మాటలెందుకు?

సాయంత్రం నాలుగింటికి సింధూరి వచ్చింది. పటమట రైతు బజారు ఎదురుగా టిఫిన్ సెంటర్లో కూర్చున్నాం. ట్రాక్ సూట్‌లోనే వచ్చింది, గ్రౌండ్ నుంచి. రోజూ ఐదు కిలోమీటర్లు మానలేదట. పెన్ డ్రైవ్ ఇస్తే రెండు చేతుల్తో తీసుకుంది. చానల్ రాసివ్వాల్సిన లెటర్ సంగతి అడిగింది.

"ఇది చాలమ్మా. లెటర్ కంటే ఇదే గట్టిది" అన్నాను.

సంచిలోంచి పిందెలు తీసింది, చిన్న చిన్నవి, సగం వాటికి గాట్లు. "కోతులు వదిలిపెట్టినవి మేడం. గొట్టాలు లేవుగా, రోజూ దండు దిగుతోంది. పక్క తోటలోళ్ళు కూడా మమ్మల్నే తిడుతున్నారు. అమ్మ పళ్ళెం మోగిస్తది, అవి చెట్టు దిగను కూడా దిగవు." నవ్వింది. తండ్రి నవ్వే.

ఉప్మా పెసరట్టు తిని వెళ్ళింది. బిల్లు నన్ను కట్టనీలేదు.

మార్చి 17, మంగళవారం

సింధూరి ఫోన్. గొంతు మారిపోయింది.

"మేడం, ఇన్‌స్పెక్టర్ సార్‌కి ఇచ్చాను. కంప్యూటర్లో పెట్టి చూశాడు. చెట్ల వైపు పేల్చడం ఉంది గానీ అది కోతులకని తెలియడం లేదు, చివర నాన్న గొట్టం సూటిగా పెట్టి నవ్వుతున్నాడు, అంతే. మాటే లేదు. 'ఇదేనా మీ సాక్ష్యం? టీవీలో మూడు సెకన్లుంది, ఇందులో పది సెకన్లుంది' అన్నాడు. ఫైల్లో పెట్టేసుకున్నాడు దాన్ని."

నేను ఏదో అన్నాను. ఆడియో టెక్నికల్ ప్రాబ్లం అన్నాననుకుంటా.

"మాటలున్నది ఇవ్వండి మేడం. ఆ రోజు నేను కెమెరా వెనకాలే ఉన్నాను. మీరన్నది నాకు గుర్తుంది. మీరు చెయ్యేసి తిప్పింది కూడా. నేను చెప్పానండీ సార్‌కి. కూతురివి నువ్వు అట్టాగే చెప్తావు అన్నాడు."

నేను చేసిన పని ఏమిటో ఆ పిల్లకి మొదటి నుంచీ తెలుసు. తెలిసి కూడా మొన్న రెండు చేతుల్తో తీసుకుంది. తెలిసి కూడా పెసరట్టు బిల్లు తనే కట్టింది.

మార్చి 18

దత్తుకి చెప్పేశాను. మొత్తం. పరీక్ష పేపర్లు దిద్దుతున్నాడు, పెన్ను కింద పెట్టి విన్నాడు.

"పూర్తిది ఇచ్చెయ్" అన్నాడు.

"తీసేస్తారండీ నన్ను. ఈ ఊళ్ళో ఇంకే చానలూ తీసుకోదు. నలభై మూడేళ్ళొచ్చాయి."

"తీసేస్తే తీసేస్తారు. ఇచ్చెయ్ శాంభవీ. ఇందులో రెండో పద్ధతి లేదు."

"మీకేం, మాట్లాడతారు!" అని అరిచాను. వంటింట్లో మా అత్తగారికి వినిపించేటట్టు అరిచాను. ఆయన మళ్ళీ పెన్ను తీసుకున్నాడు. చాలాసేపు ఒకే పేపరు ముందేసుకుని కూర్చున్నాడు.

మార్చి 19

ఉగాది. అత్తయ్య పచ్చడిలోకి ఆ పిందెలే కోసింది. "ఎక్కడివే ఇవి, గాట్లున్నాయి గానీ పులుపు భలేగుంది" అంది. రెండుసార్లు వేసుకుంది.

మార్చి 24

చానల్‌లో ఈ గొడవ మర్చిపోయారు. సరిహద్దు లారీ కూడా పోయింది. బిల్లు మీద ఉన్నది బెజవాడ కాదట, అదేదో వేరే ఊరట. ఏజెన్సీ వాళ్ళు సవరణ పంపారు. మేము వేయలేదు, పాత వార్త కదా.

మార్చి 29, ఆదివారం

వెళ్ళాను. లాప్‌టాప్, పెన్ డ్రైవ్‌లో మొత్తం నలభై నిమిషాలు. మైలవరంలో బస్సు దిగి ఆటో మాట్లాడుకున్నాను. "బసవయ్య గారి తోట" అంటే ఆటో ఆయన వెనక్కి తిరిగి చూసి, "తుపాకుల బసవయ్యా?" అన్నాడు. అవునన్నాను. ఏమనాలి మరి.

ఇంటి ప్రహరీ మీద ఏడెనిమిది కోతులు, పెళ్ళివారిలా కూర్చున్నాయి. అరుగు మీద బసవయ్య గారు స్టీలు పళ్ళెం, గరిటె పట్టుకుని ఉన్నారు. నన్ను చూడగానే లేచి, "రా తల్లీ, రా. ఏమేవ్, టీవీ అమ్మాయొచ్చింది, మంచినీళ్ళు తే" అని లోపలికి కేకేశారు. మనిషి తగ్గిపోయాడు. చొక్కా భుజాల మీద వేలాడుతోంది.

నవారు మంచం మీద లాప్‌టాప్ పెట్టి ఇరవై రెండో నిమిషం నుంచి వేశాను. ఆయన, ఆయన భార్య ఛాయాదేవి, గుమ్మంలో సింధూరి. నా గొంతు ఆ ఇంట్లో గట్టిగా వినిపించింది. "అబ్బ, ఒక్క సెకనండీ. టీవీలో చాలా బాగా వస్తుంది."

వీడియో అయిపోయింది. ఒక కోతి దూకి అరుగు మీద మూకుట్లోది ఏదో ఎత్తుకుపోయింది. ఎవరూ తోలలేదు.

"తప్పు నాదేలే" అన్నాడు బసవయ్య గారు.

"అయ్యో, మీదెందుకు అవుతుందండీ..."

"కాదమ్మా. మా నాయన చెప్పిన మాట. మనిషి వైపు తిప్పకూడదని తెలిసీ తిప్పాను. నువ్వు అడిగితే మాత్రం? కాదనొద్దూ నేను? టీవీలో బాగా పడాలని నాకూ ఉందిగా. ఊళ్ళో అందరికీ చెప్పుకున్నాను, ఆదివారం చూడండ్రా అని." సగం వేలుతో తెర మీద నా చేతిని చూపించాడు. "ఇది ఇస్తే నీకేమవుద్ది?"

"ఉద్యోగం పోవచ్చు."

ఆయన లాప్‌టాప్ మూత దించాడు. "వద్దులే తల్లీ. ఒకరు మునిగింది చాలదా. నాకేం, సంతకాలు పెట్టొస్తా. పోద్దిలే కొన్నాళ్ళకి."

"నాన్నా, ఆరో తారీఖు" అంది సింధూరి.

"నీకింకా వయసుందమ్మా. మళ్ళీ రాసుకుంటావు."

"నాలుగేళ్ళకొచ్చింది నాన్నా ఈ నోటిఫికేషన్. నాకు వయసు దాటిపోద్ది."

ఛాయాదేవి కొంగుతో మొహం తుడుచుకుని లోపలికెళ్ళింది. ఆ పిల్ల నా వైపు తిరిగింది. "మీరేమంటారు మేడం?"

ఏమనాలో నాకు తెలుసు. పెన్ డ్రైవ్ చేతిలో పెట్టి, పద, ఇప్పుడే పోదాం స్టేషన్‌కి, నేనూ వస్తాను అనాలి. పది మాటలు కూడా లేవు. బస్సులో వచ్చినంతసేపూ అవే అనుకుంటూ వచ్చాను. ఆ పిల్ల ఎదురుచూసింది. నేను మంచినీళ్ళు తాగాను. గ్లాసు మొత్తం తాగాను.

"నాన్నగారు అంటున్నారు కదమ్మా" అన్నాను.

ఇంక అడగలేదు. లోపలికి పోయి తలుపు దగ్గరగా వేసుకుంది. బసవయ్య గారు ఆటో దాకా వచ్చి, "ఏమనుకోకు, చిన్నపిల్ల" అన్నారు. నన్ను ఓదార్చారు!

తిరుగు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. గాలి బాగా కొట్టింది. నిద్రపోయాను. నెల రోజుల తర్వాత ఒళ్ళెరక్కుండా నిద్రపోయాను. ఆ సంగతి రాయకపోతే మిగతాదంతా అబద్ధమే.

ఏప్రిల్ 1

ఆయనే వద్దన్నాడు.

ఏప్రిల్ 3

ఆయనే వద్దన్నాడు. నేను వెళ్ళాను, చూపించాను, ఇస్తానన్నాను. ఇంతకంటే ఏం చేస్తారు ఎవరైనా.

ఇస్తానని అన్నానా? పేజీ తిప్పి చూశాను. అనలేదు. "ఉద్యోగం పోవచ్చు" అన్నాను, అంతే.

ఏప్రిల్ 5

దత్తు అడిగాడు, ఇచ్చావా అని. ఆయనే వద్దన్నాడండీ అన్నాను. దత్తు నా మొహం వైపు చూసి, అన్నం ముందు నుంచి లేచిపోయాడు. పదిహేడేళ్ళలో ఎప్పుడూ లేవలేదు.

రేపటి దాకా టైముంది. ఉదయం ఆరింటి బస్సెక్కితే ఎనిమిదింటికల్లా స్టేషన్లో ఉండొచ్చు. అలారం పెట్టాను.

ఏప్రిల్ 6, సోమవారం

అలారం మోగింది. ఆపాను.

మధ్యాహ్నం సింధూరి నుంచి మెసేజ్. "నా పేరు పిలవలేదు మేడం. వెరిఫికేషన్ పెండింగ్ అన్నారు. వేరే వాళ్ళని తీసుకున్నారు." తిట్టలేదు. ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది. జవాబు రాయబోయి చెరిపాను, రాయబోయి చెరిపాను. "చూసుకుంటాను" అని రాసి అది కూడా చెరిపాను.

పెన్ డ్రైవ్ బీరువాలో, పట్టుచీరల కింద.

ఏప్రిల్ 9

ఇంకో సరిహద్దు, ఇంకో లారీ. ఈసారి టమాటాల కింద. ఏడు గంటల డిబేట్, మళ్ళీ శ్రీరామచంద్రమూర్తి గారే. లక్ష్మీకాంత్ ఆరూ నలభైకి వచ్చి, "విండోలో తుపాకులండీ" అన్నాడు.

ఈసారి నేను లాగలేదు. పక్క సీట్లో కొత్తగా చేరిన అక్షయ లైబ్రరీలో వెతికింది. నాకు తెలుసు ఏది దొరుకుతుందో. మానిటర్ నా వైపు తిప్పి, "మేడం, ఇది బాగుంది కదా? సూటిగా మనవైపే పెట్టాడు" అంది.

బసవయ్య గారు సిగ్గుపడి నవ్వుతున్నారు.

వద్దు అనొచ్చు. లైబ్రరీలోంచి ఆ క్లిప్పు తీసేయించొచ్చు, సీనియర్‌ని, ఆ మాత్రం అధికారం ఉంది నాకు. లక్ష్మీకాంత్ వెనకాలే నిలబడి ఉన్నాడు. ఇంకా ఐదు నిమిషాలుంది.

"మూలన 'ఫైల్' అని వెయ్యి" అన్నాను.

వేసింది. ఈసారి ఆ మూలన ఏ లోగో లేదు. చక్కగా కనిపించింది.